బెల్టుల ఫొటోలు సరే, ఆ గంటలో ఏం నేర్పుతున్నామో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో దాదాపు ప్రతి సోమవారం ఒక ఫొటో వస్తుంది. తెల్ల యూనిఫాం వేసుకున్న పిల్లలు వరసగా నిలబడి పిడికిళ్లు ముందుకు చాపుతారు, మధ్యలో ముఖ్య అతిథి ఉంటారు, కింద "కరాటే బెల్టు పరీక్షల్లో ప్రతిభ చూపిన విద్యార్థులు" అని ఒక లైను. మా పిల్లల ఫొటో కూడా రెండు మూడు సార్లు వచ్చింది. ఆ కాగితం ముక్క కత్తిరించి బీరువా అద్దానికి అంటించుకున్న పిల్లాడి ఇంటికి నేను వెళ్లాను కూడా, కాబట్టి ఆ ఫొటోలు వేయొద్దని చెప్పడం లేదు, వేయండి. కానీ విజయనగరంలో పద్దెనిమిదేళ్లుగా సాయంత్రం పూట పిల్లలకి కరాటే నేర్పుతున్నవాడిగా నా మనసులో ఒక మాట ఉంది. అది తల్లిదండ్రులకీ, నాలాంటి తోటి మాస్టార్లకీ చేరాలంటే పేపరు కంటే మంచి దారి కనబడలేదు. కాస్త పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క చెప్తాను. మా క్లాసు వారానికి మూడు రోజులు, సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు. ట్యూషన్ నుంచి వచ్చేవాళ్లు ఆరూ పదికి చేరతారు, ఏడింటికి ట్యూషన్ ఉన్నవాళ్లు ఆరూ యాభైకే బ్యాగు సర్దుకుంటారు. వరసలో నిలబెట్టడం, నమస్కారం, హాజరు కలిపి ఐదు నిమిషాలు. వార్మప్ పదిహేను నిమిషాలు. మంచినీళ్లు, విడిపోయిన బెల్టులు మళ్లీ కట్టుకోవడం ఇంకో ఐదు. మిగిలేది ముప్పై ఐదు నిమిషాలు. సంవత్సరానికి 156 క్లాసులు జరగాలి, కానీ స్కూలు పరీక్షలు, దసరా, పైడితల్లమ్మ పండగ, సంక్రాంతి, వర్షాలు, తుపాను సెలవులు అన్నీ పోను 120 జరిగితే ఆ ఏడాది బాగా నడిచినట్టు. 120 క్లాసులు, ఒక్కోటి 35 నిమిషాలు, మొత్తం 70 గంటలు. ఏడాదంతా నేర్చుకున్న కరాటే నిద్రపోకుండా లెక్కేస్తే మూడు రోజులు కూడా కాదు.

ఆ మూడు రోజుల్లోనే అన్నీ జరగాలి. కిహోన్ అంటే పంచ్‌లు, కిక్కులు, బ్లాకులు (వచ్చే దెబ్బని ఆపడం), నిలబడే తీరు. కటా అంటే వరసగా కూర్చిన కదలికలు. కుమితే అంటే ఎదుటి మనిషితో తలపడడం. ఇవి మూడూ కరాటేకి మూడు కాళ్లని అందరం చెప్తాం. వీటికి తోడు ఒంట్లో బలం, కాళ్లు సాగడం, పడితే దెబ్బ తగలకుండా పడడం, ఎవరైనా పట్టుకుంటే విడిపించుకోవడం. తల్లిదండ్రులు అడిగేవి ఇంకా ఉన్నాయి: మావాడికి భయం పోవాలి, మా అమ్మాయికి ధైర్యం రావాలి, వీడు కొంచెం చెప్పిన మాట వినాలి. అన్నీ న్యాయమైన కోరికలే. వీటిలో ఏది ఎంతసేపు చేయించాలన్నది నాకు ఇన్నేళ్లుగా తెగని ప్రశ్న, అందులో చాలా ఏళ్లు నేను తప్పు జవాబే పట్టుకు కూర్చున్నాను.

నా మొదటి పద్ధతి సమానంగా పంచడం. పది నిమిషాలు కిహోన్, పది కటా, పది కుమితే, మిగిలింది ఏదో ఒకటి. చూడ్డానికి బాగుంటుంది, కానీ పది నిమిషాల్లో పిల్లల ఒళ్లు ఒక పనికి అలవాటు పడేలోపే ఇంకోదానికి మారిపోతాం. పైగా మూడు నెలలకోసారి బెల్టు పరీక్ష. పరీక్షలో ప్రధానంగా చూసేది కటా కాబట్టి పరీక్షకి ముందు మూడు వారాలు కటా తప్ప ఇంకేం ఉండదు, పరీక్ష అయ్యాక వారం రోజులు సగం మంది రారు. అంటే ప్రతి మూడు నెలల్లో నెల రోజులు ఇలాగే పోతుంది. ఇలా చాలా ఏళ్లు నడిపాను. పిల్లలకి బెల్టులు మారాయి, పతకాలు వచ్చాయి, నాకూ మంచి పేరే వచ్చింది.

తర్వాత ఒక వానరోజు జరిగింది చెప్పాలి. ఆ రోజు తొమ్మిది మందే వచ్చారు. బయట నేలంతా బురద, స్కూలు వరండాలో నిలబడ్డాం. కిక్కులకి చోటు లేదు కాబట్టి, ఊరికే కాలక్షేపంగా ఇద్దరిద్దరు నిలబడి ఒకరి మణికట్టు ఒకరు గట్టిగా పట్టుకోండి, విడిపించుకోండి చూద్దాం అన్నాను. ఆ తొమ్మిది మందిలో ఒక బ్రౌన్ బెల్టు (బ్లాక్ బెల్టుకి ముందుది) అమ్మాయి ఉంది, పదో తరగతి. కటాలో జిల్లా స్థాయిలో పతకం తెచ్చుకున్న పిల్ల, ఆ పిల్ల కటా చేస్తుంటే పక్కన ఆడుకునేవాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు. ఆమె చేయి పట్టుకున్నది తనకంటే రెండేళ్లు చిన్నవాడు, ఇంకా మొదటి మెట్లలో ఉన్న ఎల్లో బెల్టు. అమ్మాయి లాగింది, రాలేదు. రెండో చేత్తో వాడి వేళ్లు ఊడదీయబోయింది, రాలేదు. మొదట నవ్వింది, తర్వాత నవ్వు పోయింది, మొహం ఎర్రబడింది, భుజం నుంచి గుంజుతోంది తప్ప కాళ్లు మాత్రం నేలకి అతికినట్టు ఉండిపోయాయి. వాడు భయపడి వదిలేశాడు.

నేను దగ్గరికెళ్లి, "హెయాన్ షోడాన్‌లో నాలుగోది చెయ్యమ్మా" అన్నాను. హెయాన్ షోడాన్ అంటే మా షోటోకాన్ పద్ధతిలో పిల్లలకి మొట్టమొదట నేర్పే కటా, మొత్తం 21 కదలికలు, నలభై సెకన్లలో అయిపోతుంది. మూడో కదలికలో కుడిచేయి కిందికి బ్లాక్ చేస్తాం. నాలుగోదాంట్లో ముందున్న కుడికాలు వెనక్కి లాక్కుంటూ, ఆ చేతినే గుండ్రంగా పైకి తిప్పి, సుత్తితో మేకు కొట్టినట్టు పిడికిలి అడుగుతో కొడతాం. ఆ అమ్మాయి ఆ కదలిక ఎన్ని వేల సార్లు చేసిందో. అబ్బాయిని మళ్లీ పట్టుకోమన్నాను. ఈసారి కాలు వెనక్కి వెళ్లింది, ఒంటి బరువంతా చేతి వెంట వచ్చింది, చేయి తిరిగేసరికి వాడి బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య ఉన్న సందులోంచి మణికట్టు జారి బయటికొచ్చేసింది. ఏ పట్టుకైనా బలం తక్కువ ఉండేది ఆ సందులోనే. అమ్మాయి తన చేతివంక చూసుకుని, "మాస్టారూ, ఇది ఇందుకా?" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తప్పు ఆ పిల్లది కాదు, ఐదేళ్లు నేర్పిన నాది. చదువు రాని పిల్లకి పద్యం బట్టీ పట్టించి, రాగయుక్తంగా పాడితే చప్పట్లు కొట్టి, అర్థం ఒక్కసారి కూడా చెప్పలేదు నేను.

ఆ తర్వాత కొన్నాళ్లు కటా మీదే కోపం వచ్చింది, తీసేద్దామా అనుకున్నాను. కొందరు మాస్టార్లు తీసేశారు కూడా, గ్లోవ్స్ వేసి స్పారింగ్, అంటే ఇద్దరిద్దరిని తలపడించడం మాత్రమే చేయిస్తారు. కానీ ఆలోచించిన కొద్దీ లోపం కటాలో లేదని, దాన్ని నేను విడదీసిన తీరులో ఉందని తెలిసింది. చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఇతోసు అనే గురువు 1900ల మొదట్లో కరాటేని అక్కడి స్కూళ్లలోకి తీసుకెళ్లారు. పినాన్ అని ఐదు కటాలు స్కూలు పిల్లల కోసమే కూర్చారు, వాటికే తర్వాత ఆయన శిష్యుడు, మా షోటోకాన్ పద్ధతికి మూలపురుషుడు ఫునాకోషి హెయాన్ అని పేరు మార్చారు. బోలెడుమంది పిల్లలు, ఒక్క మాస్టారు, ఒక పీరియడ్. అప్పుడు వరసల్లో నిలబెట్టి అంకెలు చెప్తూ చేయించడమే వీలైన పద్ధతి. అంతకుముందు గురువు దగ్గర ఒకరిద్దరు శిష్యులు ఏళ్లతరబడి ఉండేవాళ్లు. ఫునాకోషి తానే టెక్కి అనే మూడు కటాల మీద పదేళ్లు గడిపానని చెప్పుకున్నారు. కరాటేలో బ్లాక్ బెల్టులు ఆయన మొదటిసారి ఇచ్చింది 1924లో, అదీ జూడో నుంచి తెచ్చుకున్న పద్ధతి, ఇతోసు గారికి ఏ బెల్టూ లేదు. అంటే మనం ఈ రోజు సంప్రదాయం అనుకుంటున్న క్లాసు నిజానికి టైము చాలక పుట్టిన క్లాసే. టైము చాలని కష్టం మనకీ ఉంది, కాబట్టి మన పిల్లలకి సరిపోయేలా మనమూ మార్చుకోవచ్చు.

మన దగ్గర మాత్రం ఏముంది? మా తాత చిన్నప్పుడు తాలింఖానాకి, అంటే వ్యాయామశాలకి వెళ్లేవాడట. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఈ మాట తెలియని పాతవాళ్లు ఉండరు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు మాది. రాత్రి లాంతరు పెట్టుకుని కర్రసాము నేర్చుకునేవాళ్లమని, కర్ర ఒక్కడివే తిప్పుకోవడం పగలు ఇంటి దగ్గర, ఎదుటివాడి కర్రకి కర్ర తగిలించడం మాత్రం రాత్రి గురువు ముందు అని తాత చెప్పేవాడు. చిన్నప్పుడు ఆ మాట విని వదిలేశాను. ఇప్పుడు నా క్లాసు మొత్తం ఆ మాట మీదే నడుస్తోంది.

నేను చెప్పదలచుకున్న విషయం ఇదే. ఒక్కడు చేయగలిగింది ఇంటికి, ఇద్దరు ఉంటేనే జరిగేది క్లాసుకి. ఇంట్లో బస్కీలు తీయొచ్చు, దండాలు తీయొచ్చు, కాళ్లు సాగదీసుకోవచ్చు, వచ్చిన కటా డాబా మీద పదిసార్లు చేసుకోవచ్చు. కానీ ఎదుటి మనిషి చేయి బరువు, తోస్తే ఒళ్లు ఎలా తూలుతుంది, కిక్ వచ్చేటప్పుడు ఎంత దూరంలో నిలబడాలి, మొహం మీదికి చేయి వస్తే కళ్లు మూసుకోకుండా ఉండడం ఎలా, ఇవి ఇంట్లో ఎవరు నేర్పుతారు? ముప్పై మంది ఒకచోట చేరేది ఆ గంట మాత్రమే. అందరినీ ఒకచోట చేర్చి, ఎవరికి వాళ్లు గాలిలో కొట్టుకునే పనే గంటంతా చేయిస్తే ఆ కూడిక దండగ.

ఇప్పుడు నా క్లాసు ఎలా ఉంటుందో చెప్తాను, ఎవరికైనా పనికొస్తే తీసుకోండి. వారానికి ఒకటే విషయం. ఈ వారం కిందికి చేసే బ్లాక్ అనుకుంటే, మూడు రోజులూ అదే. వార్మప్ విడిగా లేదు. మొదటి పది నిమిషాలు ఇద్దరిద్దరు అరచేతులు ఆనించి తోసుకోవడం, ఒకరి భుజం ఒకరు తాకే ఆట, చాప మీద వెనక్కి పడి లేవడం. గ్రౌండు చుట్టూ పరుగుకంటే తొందరగా చెమట పడుతుంది, అదే సమయంలో కాళ్లకి నిలబడడం వస్తుంది. తర్వాత ఆ బ్లాక్ గాలిలో, పది నిమిషాలు, ఇక్కడ మాత్రం నేను చాలా కచ్చితంగా ఉంటాను, నడుము తిరగకపోతే, వెనక మడమ లేస్తే ఆపేసి మళ్లీ మొదటినుంచి. తర్వాత అదే కదలిక కటాలో ఎక్కడుందో ఆ నాలుగు అడుగులు మాత్రమే. తర్వాత అదే ఎదురుగా మనిషితో: ఒకరు మణికట్టు పట్టుకుంటారు, లేదా కిక్ నెమ్మదిగా వేస్తారు, రెండోవాళ్లు పని చేస్తారు, మెల్లమెల్లగా పట్టు బిగుస్తుంది. చివరి ఎనిమిది నిమిషాలు చిన్న చిన్న స్పారింగ్, అదీ నియమంతో, ఈ వారం నేర్చుకున్నదానితో పాయింటు వస్తేనే లెక్క. కాళ్లు సాగదీయడం చివర్లో, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు, ఇంటికి ఏం చేయాలో చెప్తూ.

కిహోన్, కటా, కుమితే మూడూ ఉన్నాయి. కానీ మూడు ముక్కలుగా కాదు, ఒకే దారానికి గుచ్చినట్టు. ఇదివరకు పిల్లలు క్లాసులో పది పనులు చేసి ఇంటికెళ్లి "ఏం నేర్చుకున్నావురా" అంటే "కరాటే" అనేవాళ్లు. ఇప్పుడు తమ్ముడి చేతిని తెచ్చి తన మణికట్టు మీద పెట్టుకుని చూపిస్తున్నారని తల్లులు చెప్తున్నారు.

ఇబ్బందులు లేవా అంటే చాలా ఉన్నాయి. ఇంట్లో కటా చేసుకోమంటే తప్పు నేర్చుకుని వస్తారు. తప్పుగా వెయ్యిసార్లు చేసినదాన్ని సరిచేయడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. అందుకని కటా మొత్తం ఒకేసారి ఇంటికి పంపను. క్లాసులో నా కళ్ల ముందు సరిగ్గా వచ్చిన ఐదు కదలికలు, అవే ఇంటికి. ఆదివారం వాట్సాప్‌లో నిమిషం వీడియో పంపమంటాను, తల్లో తండ్రో తీసి పంపుతారు, నేను రాత్రి కూర్చుని ఒక్కొక్కరికి ఒక్క తప్పు మాత్రమే చెప్తాను. రెండు చెప్తే రెండూ మర్చిపోతారు. ఫోన్ లేని ఇళ్లు ఉన్నాయి, ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇళ్లు ఉన్నాయి, ఆ పిల్లలు ఇరవై నిమిషాలు ముందు వచ్చి స్కూలు వరండాలో చేసుకుంటారు, అప్పుడు నేనూ ముందే వెళ్తాను.

ఇంకోటి సీనియర్ల సమస్య. ఆరేళ్ల పిల్లాడూ పదిహేడేళ్ల అబ్బాయీ ఒకే క్లాసులో ఉంటారు, వేరే బ్యాచ్ పెట్టేంత మంది లేరు. బ్రౌన్ బెల్టులు చిన్నవాళ్లకి నేర్పుతారు, నేర్పితే వాళ్లకీ వస్తుంది అంటాం, నిజమే, కానీ కొన్నాళ్లకి వాళ్లు నేర్పడమే తప్ప నేర్చుకోవడం ఉండదు. అలాంటి ఇద్దరు నా దగ్గర మానేశాక గానీ నాకు అర్థం కాలేదు. ఇప్పుడు శనివారం ఏడు నుంచి ఏడున్నర సీనియర్లకి మాత్రమే, ఆ అరగంటకి నేను డబ్బులు తీసుకోను.

దెబ్బల గురించి కూడా ఒక మాట. స్పారింగ్ ఎక్కువ చేయిస్తున్నానంటే కొందరు తల్లులు కంగారు పడ్డారు, పడాలి కూడా. నా దగ్గర చిన్నపిల్లలు తలకి కొట్టడం అనేదే లేదు, భుజం, పొట్ట, తొడ, అదీ తాకి ఆపడం. గ్లోవ్స్, షిన్ గార్డులు అందరూ కొనలేరు కాబట్టి ఆరు జతలు నేనే కొని ఉంచాను, వంతులవారీగా వేసుకుంటారు. తలకి దెబ్బ తగిలి పిల్లాడు మత్తుగా ఉన్నా, వాంతి చేసుకున్నా ఆ రోజు ఆటలోకి మళ్లీ పంపకూడదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఈ విషయం తెలియని మాస్టారు స్పారింగ్ చేయించకూడదని నా గట్టి అభిప్రాయం.

టోర్నమెంటు తయారీ పూర్తిగా వేరు పని. రెండు మూడు నిమిషాల బౌటు, పంచ్‌కి 1, నడుము పైన కిక్‌కి 2, తలకి కిక్‌కి 3 పాయింట్లు, దాని దూరం వేరు, అడుగుల లయ వేరు, మంచి ఆట, చురుకు వస్తుంది. ఆడాలనుకునే పిల్లల్ని నేను ఆపను, కానీ వాళ్ల కోసం మిగతా ఇరవై ఐదు మంది గంటని ఇవ్వను, వాళ్లని ఆరింటికి ముందు రమ్మంటాను. ఒలింపిక్స్ అని అడిగే తండ్రులకి కూడా ఒకటి చెప్పాలి, టోక్యోలో కరాటే ఉంది, 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌కి కూడా లేదు. పిల్లాడి మొత్తం అభ్యాసాన్ని ఆ ఒక్క ఆశకి తాకట్టు పెట్టకండి.

ఇక అసలు ఉత్తరం రాయించిన విషయానికొస్తాను. ప్రభుత్వ స్కూళ్లలో ఆడపిల్లలకి సమగ్ర శిక్ష కింద రాణి లక్ష్మీబాయి ఆత్మరక్ష ప్రశిక్షణ అని మూడు నెలల శిక్షణ ఉంది, ఆరో తరగతి నుంచి పన్నెండు వరకు, స్కూలుకి నెలకి 5000 రూపాయలు ఇస్తారు. మంచి పథకం, నేనూ వెళ్లి నేర్పాను. వారానికి రెండు పీరియడ్లు అనుకుంటే మూడు నెలల్లో పాతిక పీరియడ్లు, పద్దెనిమిది పంతొమ్మిది గంటలు. అరవై మంది పిల్లలు. అందులో చాలాచోట్ల జరిగేది, మొదటి సంవత్సరం నేనూ చేసింది, ఏమిటంటే ఒక కటా నేర్పడం. ఎందుకంటే చివరి రోజు అధికారులు వస్తారు, అరవై మంది ఒకేసారి తిరిగి ఒకేసారి "కియాయ్" అని అరిస్తే చూడ్డానికి గొప్పగా ఉంటుంది, పేపర్లో ఫొటో వస్తుంది. ఆ ప్రదర్శన కోసం పాతికలో పదిహేను పీరియడ్లు పోయాయి నావి. ఆ అమ్మాయిలు తర్వాత ఎప్పుడూ కరాటే క్లాసుకి రారు, వాళ్లకి ఉన్నది ఆ పంతొమ్మిది గంటలే. అందులో కటాకి చోటు లేదు. కటాని ప్రాణంగా చూసుకునేవాడిగా చెప్తున్నాను.

రెండో సంవత్సరం మార్చాను. మొదట అంతా గొంతు. నవ్వులాట అనుకోకండి, మన ఆడపిల్లల్లో చాలామందికి గట్టిగా "వదులు" అని అరవడం రాదు, మొదటి రోజు అరవై మందిలో నలుగురి గొంతు మాత్రమే గది బయటికి వినిపించింది. ఇంట్లో "ఆడపిల్లవి, మెల్లగా మాట్లాడు" అని చిన్నప్పటినుంచీ నొక్కిన గొంతు అది, దాన్ని బయటికి తేవడానికి మూడు పీరియడ్లు పట్టింది. తర్వాత దూరం, అంటే కొత్తవాడు చేయి చాపితే అందనంత ఎడం ఎలా ఉంచుకోవాలి. తర్వాత మణికట్టు, జడ, చున్నీ పట్టుకుంటే విడిపించుకోవడం, కింద పడితే లేవడం, విడిపించుకున్న మరుక్షణం జనం ఉన్నవైపు పరుగెత్తడం. పెద్ద మగవాణ్ణి కొట్టి పడేస్తావని నేను ఏ పిల్లకీ చెప్పను, అది అబద్ధం, ఆ అబద్ధం నమ్మిన పిల్ల పారిపోవాల్సిన చోట నిలబడిపోతుంది. ప్రతి క్లాసు చివర 112 (అత్యవసర సాయం), 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 181 (మహిళల హెల్ప్‌లైన్) నంబర్లు అందరిచేతా చెప్పిస్తాను. ఇంట్లోవాళ్లో తెలిసినవాళ్లో ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలన్నది కూడా ఒక పీరియడ్, ఆ రోజు క్లాసు టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాను. ఆ పీరియడ్ అయ్యాక ఒక అమ్మాయి టీచరమ్మ దగ్గర ఉండిపోయింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

చివరి రోజు అతిథుల ముందు కటా లేదు. ఇద్దరిద్దరు వచ్చి పట్టుకోవడం, విడిపించుకోవడం, అరవడం, పరుగెత్తడం చూపించారు. అందంగా లేదు, ఒకరిద్దరికి రాలేదు కూడా. ఫొటోగ్రాఫర్ "మాస్టారూ, అందరూ వరసలో నిలబడి పంచ్ పెట్టించండి" అని అడిగాడు, పాపం ఆయన పని ఆయనది.

అందుకే మీకు రెండు విన్నపాలు. ఇలాంటి శిక్షణ గురించి వార్త వేసేటప్పుడు ఎంతమందికి ఏ బెల్టు వచ్చింది అన్నదానితో పాటు ఏం నేర్చుకున్నారో ఆ పిల్లల్నే అడిగి ఒక వాక్యం రాయించండి. మీ విలేకరి ఒక అమ్మాయిని "చేయి పట్టుకుంటే ఏం చేస్తావు?" అని అడిగితే చాలు, ఆ జవాబు వేస్తారని తెలిస్తే మాస్టార్ల పాఠం తప్పకుండా మారుతుంది, ఎందుకంటే మేమూ పేపర్లో మంచిగా రావాలని కోరుకునేవాళ్లమే. రెండోది, పథకాన్ని చూసే అధికారులు చివరి రోజు ప్రదర్శన అడగడం మానేసి, మధ్యలో ఏదో ఒక రోజు చెప్పకుండా వచ్చి ఒక పీరియడ్ కూర్చోవాలని మీ పేపరు ద్వారా అడుగుతున్నాను.

తల్లిదండ్రులకి కూడా ఒక మాట, నొచ్చుకోకండి. "పక్క క్లాసులో చేరినవాడికి అప్పుడే గ్రీన్ బెల్టు వచ్చింది, మావాడు ఇంకా ఎల్లోలోనే ఉన్నాడేంటి" అని అడుగుతారు. నేను పరీక్షలు మూడు నెలల నుంచి ఆరు నెలలకి మార్చాక రెండు కుటుంబాలు మానేశాయి. నిజం చెప్పాలంటే నెల ఫీజుతో మా ఇల్లు గడవదు, పరీక్ష ఫీజు మీద బతికే మాస్టార్లు చాలామంది ఉన్నారు, వాళ్లని నేను తప్పు పట్టను, నాకూ ఆ మార్పు తర్వాత కష్టంగానే గడిచింది. మీరు పరీక్ష ఫీజు రూపంలో ఇచ్చేదే నెల ఫీజులో కొంచెం ఎక్కువగా ఇస్తే, మాస్టారికి మూడు నెలలకోసారి బెల్టు మార్చాల్సిన అవసరం ఉండదు, ఆ నెల రోజులు మీ పిల్లలకే మిగులుతాయి. పిల్లాణ్ణి దించి వెళ్లిపోకుండా నెలకి ఒక్కసారి ఆ గంట కూర్చుని చూడండి. మీ పిల్లాడు ఎన్ని నిమిషాలు ఇంకో మనిషితో కలిసి పనిచేశాడో గడియారం పెట్టుకుని లెక్కేయండి, ఇరవై కంటే తక్కువైతే మాస్టార్ని అడగండి. నన్ను కూడా అడగండి.

ఆ బ్రౌన్ బెల్టు అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, బ్లాక్ బెల్టు పరీక్ష ఇంకా రాయలేదు. శనివారాలు వస్తుంది. మొన్న ఎనిమిదేళ్ల పిల్లకి హెయాన్ షోడాన్ మొదలుపెడుతూ, అంకెలు చెప్పకముందే ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, "ముందు దీన్ని లాక్కో చూద్దాం" అంటోంది.

ఇట్లు
ఒక కరాటే మాస్టారు,
విజయనగరం